రాత్రి 2 గంటల లోడు

సోలార్ ఆన్ చేసిన నాలుగో రోజు అది. మిట్టమధ్యాహ్నం, మాడు పగిలే ఎండ. ఉన్నట్టుండి కరెంటు పోయింది. పది సెకన్లలోపే జనరేటర్ అందుకుంది, అది మామూలే. నేను మెయిన్ బోర్డు దగ్గరే ఉన్నాను. ఫోన్ మోగింది. సూపరింటెండెంట్ గారు.

"ఏమయ్యా, నెత్తి మీద అంత ఎండ పెట్టుకుని కింద డీజిల్ ఎందుకు కాలుస్తున్నావ్?"

న్యాయమైన ప్రశ్న. జవాబు నాకు తెలుసు. కాకపోతే అది ప్లాంటు పెట్టకముందే ఆయనకు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. డాబా మీద ప్యానెళ్లుంటే ఇక కరెంటు పోవడమనేదే ఉండదని ఆయన అనుకున్నారు. ఆయనే కాదు, మా ఆసుపత్రిలో నేనూ మా వైర్‌మ్యాన్ బాబాయ్ తప్ప అందరూ అలాగే అనుకున్నారు.

మేం పెట్టినవి గ్రిడ్‌ను చూసి నడిచే ఇన్వర్టర్లు, అంటే ప్యానెళ్ల కరెంటును లైన్ కరెంటుగా మార్చే పెట్టెలు. లైన్లో వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ ఎలా ఉన్నాయో చూసుకుని, ఆ తాళానికి అడుగు కలిపి కరెంటు ఇస్తాయి. తాళం ఆగితే అవీ ఆగుతాయి. ఆగాలి కూడా, 2 సెకన్లలోపు. ఎందుకంటే ఎక్కడో స్తంభం ఎక్కిన మనిషి లైన్లో కరెంటు లేదనుకుని తీగ పట్టుకుంటాడు. మా డాబా మీంచి వెనక్కి పారే కరెంటు అతని ప్రాణం తీయకూడదు.

ఇదంతా చెబితే ఆయన ఒక నిమిషం ఆలోచించి, "సరే, మరి జనరేటర్ వచ్చాక దాని తాళం పట్టుకోవచ్చుగా?" అన్నారు. డాక్టర్లతో ఇదే చిక్కు, చటుక్కున అసలు పాయింటు పట్టేస్తారు. పట్టుకోవచ్చు. కానీ డీజిల్ ఇంజన్‌కు కనీసం 30 శాతం లోడైనా ఉండాలి. సోలార్ దాని లోడంతా లాగేసుకుంటే ఇంజన్ సరిగా వేడెక్కదు, కాలని డీజిల్ సైలెన్సర్‌లో నల్లటి జిడ్డులా పేరుకుంటుంది. ఇక సోలార్ కరెంటు మా వాడకాన్ని మించితే అది జనరేటర్‌లోకే ఎదురు తోస్తుంది, దాన్ని కాపాడే రిలే (స్విచ్) పడిపోతుంది, ఆసుపత్రి మొత్తం చీకటి. ఈ రెంటినీ కాచుకునే కంట్రోలర్ ఒకటి విడిగా పెట్టాలి. మొదటి కొటేషన్‌లో అది లేదు. నేనూ పట్టుబట్టలేదు. మూడు నెలల తర్వాత పెట్టించాం.

ఈ ఆసుపత్రి మెయింటెనెన్స్‌లో నాకిది పదకొండో ఏడు. 200 పడకలు, నాలుగు ఆపరేషన్ థియేటర్లు, ఒక ఎంఆర్ఐ. సోలార్ పెట్టామని తెలిసిన ప్రతివాళ్లూ నన్నడిగే మొదటి మాట "ఎన్ని కిలోవాట్లు?" అని. 150. అడిగినవాళ్లు తల ఊపి ఊరుకుంటారు. నాకు మాత్రం ఆ అంకె కన్నా ముఖ్యమైన అంకె ఇంకోటి ఉంది. రాత్రి 2 గంటలకు మా ఆసుపత్రి ఎంత కరెంటు తింటోంది?

ఆ అంకె వెనక కథ ఇది. సోలార్ పెట్టాలని పైవాళ్లు నిర్ణయించగానే నన్ను డాబా కొలవమన్నారు. కొలిచాను. ఒక కిలోవాట్‌కు సుమారు 10 చదరపు మీటర్ల జాగా కావాలి. మా డాబా చూడ్డానికి మైదానంలా ఉంటుంది గానీ, నీళ్ల ట్యాంకులు, కూలింగ్ టవర్లు, లిఫ్ట్ గదులు, వాటి నీడలు, నడవడానికి దారి, అన్నీ తీసేస్తే 150 కిలోవాట్లకు మించి పట్టదు. మంచి ఎండ ఉండే చోట ఒక కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. అంటే రోజుకు 600, నెలకు 18,000. మా వాడకం నెలకు 1,20,000 యూనిట్లు. భాగించి చూస్తే 15 శాతం.

ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. డాబా మొత్తం నింపినా 15 శాతమే. మిగతా 85 ఎక్కడికి పోతోంది? ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్నాను, నెలనెలా బిల్లు చూస్తూనే ఉన్నాను. ఆ ప్రశ్న మాత్రం అడగలేదు.

బాబాయ్‌ని పిలిచాను. మనిషికి అరవై దగ్గర పడుతున్నాయి, ఈ బిల్డింగుకు మొదటి వైరు లాగినప్పటినుంచీ ఉన్నాడు. "రాత్రి చూద్దాం సార్" అన్నాడు. "పగలైతే అన్నీ పనిచేసేవే. పనిలేకుండా తిరిగేవి దొరకాలంటే రాత్రే."

అలా ఒక రాత్రి 2 గంటలకు, తీగకు తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు, నోటుబుక్కు పట్టుకుని బయల్దేరాం. మెయిన్ మీటరు 118 కిలోవాట్లు చూపిస్తోంది. ఓపీ లేదు, ల్యాబు సగం మూసేశారు, ఆపరేషన్లు లేవు. అయినా 118.

ముందు థియేటర్లు. నాలుగిటిలో ఒక్కటే ఎమర్జెన్సీ కోసం సిద్ధంగా ఉంచుతారు. మిగతా మూడూ తాళాలేసి ఉన్నాయి. కానీ వాటి గాలి యంత్రాలు మూడూ ఫుల్ స్పీడులో తిరుగుతున్నాయి. ఖాళీ గదిలో, చీకట్లో, గంటకు ఇరవైసార్లు గాలి మార్చుకుంటూ. అక్కణ్ణుంచి ఆఫీసు గదులకెళితే రెండు ఏసీలు ఆన్‌లో ఉన్నాయి, ఒకటి 18 దగ్గర. కింద బేస్‌మెంట్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఎవరి కోసమో తిరుగుతున్నాయి. పాత బ్లాకు పైన ట్యాంకు పొంగుతోంది, ఫ్లోట్ స్విచ్ పట్టేసింది, మోటారు ఆగడం లేదు. ఆ నీటి చప్పుడు అక్కడి నైట్ డ్యూటీ వాళ్లకు ఎంత అలవాటైపోయిందంటే, అది ఆగాక "ఏదో వెలితిగా ఉంది సార్" అన్నారొకరు.

ఎంఆర్ఐ గదిలో చిక్ చిక్ మంటూ చప్పుడు. బాబాయ్ అటు చూశాడు. "దీన్నేం చేయలేం బాబాయ్" అన్నాను. ఆ అయస్కాంతం తీగ చుట్ట ద్రవ హీలియంలో మునిగి ఉంటుంది, మైనస్ 269 డిగ్రీల దగ్గర. ఆ చలి కాపాడే కంప్రెసర్ స్కాన్ ఉన్నా లేకపోయినా 24 గంటలూ నడవాల్సిందే. దాన్ని చల్లబరిచే చిల్లర్ దానికి తోడు. ఆపితే హీలియం ఆవిరైపోవడం మొదలవుతుంది. నోటుబుక్కులో దాని పక్కన "ముట్టుకోవద్దు" అని రాసుకున్నాను. బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లు, ప్లాస్మా ఫ్రీజర్లు, ఐసీయూ, వీటి పక్కనా అదే.

తెల్లవారేసరికి ముట్టుకోదగ్గ జాబితా నేననుకున్నదానికన్నా పొడుగ్గా తేలింది. అప్పుడొక చిన్న లెక్క వేశాను. 24 గంటలూ నడిచే లోడులో 25 కిలోవాట్లు తగ్గిస్తే రోజుకు 600 యూనిట్లు మిగులుతాయి. డాబా మొత్తం నింపితే వచ్చేవీ ఆ 600 యూనిట్లే.

మర్నాడు సూపరింటెండెంట్ గారి ముందు ఆ నోటుబుక్కు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, "రెండూ చేద్దాం. కానీ థియేటర్ల జోలికి వెళ్లేముందు మత్తు డాక్టరుగారినీ, ఇన్ఫెక్షన్ కంట్రోల్ వాళ్లనూ అడుగు" అన్నారు.

అడిగాను. అక్కడే అసలు పని మొదలైంది. మత్తు డాక్టరుగారు కుర్చీలోంచి లేవకుండానే "కుదరదు" అన్నారు. ఆవిడ కారణం ఆవిడకుంది. థియేటర్లో గాలి ఒత్తిడి బయటి వరండా కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి, తలుపు తీసినా లోపలి గాలే బయటికి రావాలి, బయటి గాలి లోపలికి పోకూడదు. యంత్రం ఆపేస్తే ఆ ఒత్తిడి పోతుంది, తేమ చేరుతుంది. పొద్దున్నే మళ్లీ ఆన్ చేసి, అంతా సరిగ్గానే ఉందంటే ఎవరు నమ్ముతారు?

ఆపమని నేననడం లేదు, నెమ్మదిగా తిప్పుదాం అన్నాను. ఫ్యాన్ల గురించి చాలామందికి తెలియని సంగతొకటుంది. వేగం తగ్గిస్తే కరెంటు అదే లెక్కన తగ్గదు, ఘనం లెక్కన తగ్గుతుంది. 80 శాతం వేగంతో తిప్పితే సగం కరెంటు చాలు. 60 శాతమైతే దాదాపు ఐదోవంతు. మోటారుకు వేగం మార్చే డ్రైవ్ పెట్టి, రాత్రి 60 దగ్గర ఉంచి, థియేటర్ తలుపు పక్కన ఒత్తిడి మీటరు బిగించాం. ఆవిడ వారం రోజులు రోజూ పొద్దున వచ్చి ఆ మీటరు రీడింగులు తనే చూసుకున్నారు. ఒత్తిడి పడిపోలేదు. ఎమర్జెన్సీ కేసొస్తే సిస్టర్ ఒక్క బటన్ నొక్కితే ఫుల్ స్పీడుకు వెళ్లేలా చేశాం. ఆ బటన్ ఎరుపు రంగులో, కాస్త పెద్దగా ఉండాలన్నది మాత్రం ఆవిడ షరతు.

లైట్ల కథలో మాత్రం నేను బోల్తా పడ్డాను.

అది అన్నింటికన్నా సులువైన పనని అనుకున్నాను. పాత ట్యూబ్‌లైట్ మీద 36 వాట్లని ఉంటుంది గానీ, దాని రాగి చోక్ ఇంకో 12 దాకా తింటుంది. అంటే 48. దాని స్థానంలో 18 వాట్ల ఎల్ఈడీ. మాకున్నవి 1,400 ట్యూబులు. అన్నీ వెలిగే వేళ 42 కిలోవాట్లు ఆదా. పైగా ఆ వేడి తగ్గితే ఏసీల మీద భారమూ తగ్గుతుంది. తెల్లటి ఎల్ఈడీకి దారి చూపిన నీలం ఎల్ఈడీ తయారుచేసిన ముగ్గురికి 2014లో నోబెల్ ఊరికే ఇవ్వలేదు. నెల రోజుల్లో అన్ని వార్డులూ మార్చేశాం. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

పదిహేను రోజులకు పసిపిల్లల ఐసీయూ హెడ్ సిస్టర్ కనిపించి ఆగారు. "సార్, ఒక మాట. మీ కొత్త లైట్ల కింద పిల్లలందరూ ఒకేలా కనిపిస్తున్నారు."

నాకర్థం కాలేదు. వెలుతురు ఎక్కువైందా, తక్కువైందా అని అడిగాను. "వెలుతురు బాగానే ఉంది సార్. రంగే లేదు. పచ్చగా ఉన్న బిడ్డకీ, బాగున్న బిడ్డకీ తేడా తెలియట్లేదు. పెదాలు నీలం తిరుగుతున్నాయో లేదో అనుమానమొచ్చి కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్లి చూస్తున్నాం."

ఆ మాటకు నాకు చెమటలు పట్టాయి. నేను చూసింది వాట్లు, ల్యూమెన్లు, అంటే తినే కరెంటు, ఇచ్చే వెలుతురు. రంగులు ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె ఇంకోటి ఉంటుంది, దాన్ని సీఆర్ఐ అంటారు. నేను కొన్నవి 80వి. ఆఫీసుకు, వరండాకు చాలు. కానీ ఆ అంకె సగటు మాత్రమే. అందులో ముదురు ఎరుపు లెక్కకు రాదు, దానికి ఆర్9 అని విడిగా ఉంటుంది, చవక ఎల్ఈడీల్లో అది సున్నా దగ్గర ఉంటుంది. చర్మం కింద రక్తం రంగు తెలియాలంటే కావాల్సింది ఆ ఎరుపే. ఆస్ట్రేలియా వాళ్లయితే చర్మం నీలం తిరగడాన్ని గుర్తుపట్టడానికి లైటు పనికొస్తుందో లేదో చెప్పే సూచికే ఒకటి పెట్టుకున్నారు, అది 3.3 దాటకూడదు. ఇవన్నీ సిస్టర్ చెప్పాక చదివి తెలుసుకున్నవి.

వారంలో ఆ వార్డు, కాన్పుల గది, ఐసీయూ, రికవరీ గదుల్లో మళ్లీ మార్చాం. ఈసారి సీఆర్ఐ 90 దాటినవి, ఆర్9 విడిగా రాసి ఉన్నవి. కొనేముందు నాలుగు రకాలు తెచ్చి వరసగా వెలిగించి సిస్టర్లనే చూడమన్నాను. రెండో రకం దగ్గర ముగ్గురూ ఒకేసారి "ఇది" అన్నారు. డేటాషీట్ తిరగేసి చూస్తే నాలుగిటిలో ఆర్9 ఎక్కువున్నదీ అదే. తీసేసిన ట్యూబులు స్టోరుకూ మెట్లకూ వాడేశాం.

వేడి నీళ్ల దగ్గరా ఇలాంటి ఆశే పుట్టింది. పాత గీజర్లు తీసి, బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకిచ్చే హీట్ పంపులు పెట్టాం. ఒక యూనిట్ కరెంటుకు మూడింతల వేడి ఇస్తాయి. 45 డిగ్రీల దగ్గర నిలబెడితే ఇంకా మిగులుతుంది. కానీ గోరువెచ్చటి నీళ్ల ట్యాంకుల్లో లెజియొనెల్లా పెరుగుతుంది. 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సభలో అంతమందిని పడగొట్టి ఆ పేరు తెచ్చుకున్న బ్యాక్టీరియా అదే. అక్కడ వచ్చింది ఏసీ వ్యవస్థలోంచి, కానీ దానికి కావాల్సింది వెచ్చటి నీళ్లే. కాబట్టి ట్యాంకులో 60 డిగ్రీలు. ఇందులో బేరం లేదు.

ఇక సోలార్ సంగతి. 150 కిలోవాట్ల ప్లాంటు 150 ఎప్పుడూ చూపించదు, ఇది ముందే చెబుతున్నాను, నాలా ఫోన్లు రాకుండా. ఆ అంకె ప్యానెల్ లోపలి సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటిది. మంచి ఎండలో అది 60 దాటుతుంది, ప్రతి డిగ్రీకీ 0.35 శాతం చొప్పున పోతుంది. మాది మధ్యాహ్నం 120 చూపిస్తే నేను సంతోషిస్తాను, చల్లటి గాలి వీస్తే 130.

మొదటి నెల బిల్లు చూసి గుండె ఆగినంత పనైంది. యూనిట్లు తగ్గాయి గానీ, పవర్ ఫ్యాక్టర్ (తీసుకునే కరెంటులో నిజంగా పనికొచ్చే పాలు) పడిపోయింది, దానికి జరిమానా పడింది. అంతకుముందు మేం గ్రిడ్ నుంచి 200 కిలోవాట్లు తీసుకుంటే, మోటార్లలో అయస్కాంతం పుట్టించడానికి ఊరికే అటూఇటూ తిరిగే కరెంటు 66 కేవీఏఆర్. ఫ్యాక్టర్ 0.95, ఏ గొడవా లేదు. ఇప్పుడు సోలార్ 130 ఇస్తోంది, గ్రిడ్ నుంచి తీసుకునేది 70. ఆ తిరిగే 66 మాత్రం అలాగే ఉంది, పూర్తిగా గ్రిడ్ మీదే. లెక్కేస్తే 0.73. మా వాడకంలో తప్పేం లేదు, మంచి కరెంటు తీసుకోవడం తగ్గించాం, మిగిలినదాంట్లో చెడ్డ పాలు ఎక్కువ కనబడుతోంది, అంతే. ఇన్వర్టర్లకు సెట్టింగు మార్చి కొంత కేవీఏఆర్ అవే ఇచ్చేలా చేశాం, ఆ తిరిగే కరెంటును అక్కడికక్కడే ఇచ్చే కెపాసిటర్ బ్యాంకులో చిన్న మెట్లు కలిపాం. సర్దుకుంది. ప్యానెళ్లు అమ్మేవాళ్లు ఈ మాట తమంతట తాము చెప్పగా నేను వినలేదు.

కడగడంలోనూ తెలివితేటలు చూపించబోయాను. డయాలసిస్ యూనిట్‌లో ఆర్‌ఓ వదిలేసే నీళ్లు రోజూ డ్రైనేజీలో పోతున్నాయి, వాటితో ప్యానెళ్లు కడిగితే పుణ్యం పురుషార్థం అనుకున్నాను. ఆర్‌ఓ వదిలేసే నీళ్లంటే ఉప్పంతా చేరిన నీళ్లు. ఆరాక ప్యానెళ్లన్నీ తెల్లటి పొర కప్పుకున్నాయి. బాబాయ్ ఏమీ అనలేదు, వేలితో ఒక గీత గీసి నాకు చూపించాడంతే. ఇప్పుడు ఆ నీళ్లు టాయిలెట్ ఫ్లష్‌లకు వెళుతున్నాయి. ప్యానెళ్లకు మంచినీళ్లు, అదీ ఎండెక్కకముందు. కాలిన అద్దం మీద చల్లటి నీళ్లు పోయకూడదు. లాండ్రీ గొట్టం పక్కనున్న పన్నెండు ప్యానెళ్ల మీద ఎప్పుడూ నూలు దుమ్మే, వాటిని మాత్రం వారానికి రెండుసార్లు తుడుస్తాం.

బ్యాటరీలు చివర్లో వచ్చాయి. అందరూ తమ డిపార్ట్‌మెంట్ బ్యాటరీ మీద ఉండాలన్నారు. అప్పుడు నాకు అక్కరకొచ్చింది, లారా స్టాషెల్ అనే కాన్పుల డాక్టర్ సంగతి. ఆవిడ 2008లో నైజీరియాలో రాత్రిపూట కరెంటు లేక ఆపరేషన్లు ఆగిపోవడం కళ్లారా చూశారు. ఆవిడ, సోలార్ తెలిసిన ఆవిడ భర్త కలిసి ఒక సూట్‌కేసులో పట్టే సోలార్ సెట్టు తయారుచేశారు. అందులో ఉండేవి ఎన్నో కావు. కాన్పుకు లైటు, కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినే పరికరం, ఫోన్ ఛార్జింగ్. సరైన కరెంటు లేని, లేదా అసలే లేని ఆరోగ్య కేంద్రాల మీద ఆధారపడ్డవాళ్లు ప్రపంచంలో దాదాపు 100 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. వాళ్లకు సోలార్ అంటే బిల్లు లెక్క కాదు. మీటింగులో ఈ సూట్‌కేసు సంగతి చెప్పి, "మనకూ ఒకటే సూట్‌కేసు ఉందనుకోండి, ఏం పెడదాం?" అన్నాను. జాబితా గంటలో తేలింది. ఐసీయూ, పసిపిల్లల ఐసీయూ, ఒక థియేటర్, బ్లడ్ బ్యాంకు, ఆక్సిజన్ అలారాలు. అకౌంట్స్ వాళ్లు కాసేపు వాదించారు గానీ నెగ్గలేదు.

రెండేళ్లయింది. ఇప్పటికీ ప్రతి నెల మొదటి శుక్రవారం రాత్రి 2 గంటలకు రీడింగు తీసి అదే నోటుబుక్కులో రాస్తాను. 118 నుంచి 74కు వచ్చింది. పోయిన ఆర్నెల్లూ 74, 75 దగ్గరే ఆడుతోంది. ఈ నెల 80 వచ్చింది. కొత్త మెషీన్ ఏదీ రాలేదు, ఆ రాత్రి ఎమర్జెన్సీ ఆపరేషన్ కూడా లేదు. బాబాయ్ అనుమానం పాత బ్లాకు ట్యాంకు మీద, ఫ్లోట్ మళ్లీ పట్టేసిందంటాడు. నా అనుమానం మూడో థియేటర్ డ్రైవ్ మీద, ఎవరో ఆ ఎర్ర బటన్ నొక్కి తిరిగి తీయడం మర్చిపోయారని. ఈ రాత్రి ఇద్దరం వెళుతున్నాం. క్లాంప్ మీటరు ఛార్జింగులో పెట్టాను.